స్కోర్లు చదివే ఆవిడ

ఆవిడ మొహం చూడకముందే ఆవిడ గొంతు విన్నాను.

2006లో సంగతి. బోస్టన్‌కి పడమరగా నలభై నిమిషాల దూరంలో ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. ఒక పాత రాతి చర్చిని ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి అద్దెకి తీసుకునేవాళ్ళం. పొద్దున పూట అదే హాల్లో బ్రెజిల్ వాళ్ళ ఆరాధన జరిగేది. ఆ ఊళ్ళో బ్రెజిల్ వాళ్ళు చాలామంది. మెయిన్ రోడ్డు మీద బేకరీ, సెలూన్, ఫోన్ కార్డులమ్మే కొట్టు, అన్నిటి బోర్డులూ పోర్చుగీసులోనే ఉండేవి.

ఆ వారం కుర్చీలు సర్దే వంతు మాది. మా ఆయన కారు పార్క్ చేస్తుంటే నేను కీబోర్డు బ్యాగు పట్టుకుని ముందు లోపలికి వెళ్ళాను. వాళ్ళ ఆరాధన ఇంకా అయిపోలేదు. యాభై ఏళ్ళకి దగ్గరగా ఉన్న ఒకావిడ మైకు ముందు నిలబడి, చేతిలో కాగితం లేకుండా ఏదో చెబుతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా బ్యాగు కింద పెట్టడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. గొంతు మెల్లిగా మొదలయ్యేది, ఒక్కో మాటకి ఒక్కో మెట్టు ఎక్కేది, ఇంకాసేపట్లో ఏదో జరగబోతోందన్నట్టు ఆగేది, మళ్ళీ పరుగు తీసేది. ముసలివాళ్ళు కూడా కుర్చీల అంచుకి జరిగి వింటున్నారు. దేవుడి రాకడ గురించి చెబుతోందేమో అనుకున్నాను.

ఆరాధన అయ్యాక పక్కనున్న ఒకమ్మాయిని ఇంగ్లీషులో అడిగాను, ఆవిడ ఏం చెప్పిందని.

"గురువారం పాట్‌లక్ భోజనాలకి ఎవరెవరు ఏం వండి తేవాలో చెప్పారు," అంది.

నాకు నవ్వొచ్చింది, ఆశ్చర్యం మాత్రం పోలేదు. ఆ అమ్మాయే చెప్పింది, ఆవిడ బ్రెజిల్‌లో టీవీలో స్పోర్ట్స్ యాంకరని, వాళ్ళ రాష్ట్రంలో పదహారేళ్ళు ఇంటింటికీ తెలిసిన మొహమని. ఇక్కడేం చేస్తారని అడిగితే, "ఇళ్ళు క్లీన్ చేస్తారు," అంది మామూలుగా.

అంతలో ఆవిడే వచ్చి మాతోపాటు కుర్చీలు లాగడం మొదలుపెట్టింది. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఆవిడది తప్పులతో ధైర్యంగా నడిచే ఇంగ్లీషు, నాది తప్పు వస్తుందేమోనని ఆగిపోయే ఇంగ్లీషు. నేనేం చేస్తుంటానని అడిగింది. నాది డిపెండెంట్ వీసా అని, ఉద్యోగం చేయడానికి వీల్లేదని చెప్పాను. అప్పటికి ఏడాదిగా ఆ మాట ఎంతమందికి చెప్పానో. చాలామంది "అయ్యో" అనేవాళ్ళు. ఆవిడ అనలేదు.

"సోమవారం సాయంత్రం ఖాళీయేనా?"

"అన్ని సాయంత్రాలూ ఖాళీయే."

"అయితే రా. నాకు కెమెరా దగ్గర నిలబడే మనిషి కావాలి."

"నాకు కెమెరా రాదండీ."

"వచ్చినవాళ్ళని అడిగాను. వాళ్ళకి సోమవారం కుదరదట," అంది.

అమెరికాలో చాలా ఊళ్ళకి సొంత టీవీ స్టూడియో ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. కేబుల్‌లో ఆ ఊరికంటూ ఒక చానల్ ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు ఎవరైనా వెళ్ళి కెమెరా నేర్చుకోవచ్చు, సొంతంగా ప్రోగ్రాం చేసుకోవచ్చు. ఆవిడ అక్కడ ప్రతి సోమవారం సాయంత్రం ఆరింటికి పోర్చుగీసులో అరగంట ఆటల ప్రోగ్రాం లైవ్ చేసేది. మా ఆయన కాసేపు ఆలోచించి, "వాలంటీర్ వర్క్ కదా, జీతం లేకపోతే వీసా స్టేటస్‌కి ప్రాబ్లం ఉండదు. ఎందుకైనా మంచిది, లాయర్‌కి ఒక మెయిల్ పెడతాను," అన్నాడు. లాయర్ పర్లేదన్నాడు.

మొదటి సోమవారం నేను ముందే వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ అయిదున్నరకి వచ్చింది. పాత స్వెట్‌షర్టు, మోకాళ్ళ దగ్గర తెల్లబడ్డ ప్యాంటు, ఒంటినిండా బ్లీచ్ వాసన. ఆ రోజు మూడిళ్ళు చేసి వచ్చిందట. నన్ను చూసి చెయ్యి ఊపి బాత్‌రూంలోకి వెళ్ళింది. పది నిమిషాల తర్వాత ఆ తలుపు తీసుకుని నీలం కోటు, ఎత్తుగా దువ్వి కట్టిన జుట్టు, లిప్‌స్టిక్‌తో ఒక మనిషి బయటికి వచ్చింది. ఒక్క క్షణం నిజంగానే వేరే ఎవరో అనుకుని పక్కకి జరిగి దారిచ్చాను. బట్టలు మారడం వల్ల కాదు, నడక మారిపోయింది. స్టూడియో చిన్న గది, గోడకి ఎవరో పిల్లల ప్రోగ్రాం కోసం అంటించిన కాగితపు సూర్యుడు ఇంకా వేలాడుతోంది. ఆవిడ ఆ సూర్యుడి ముందునుంచి నడిచి బల్ల వెనక కూర్చున్న తీరు చూస్తే వెయ్యి లైట్లున్న హాల్లో కూర్చున్నట్టుంది.

ముందు పెట్టుకుని చదవడానికి తెర లేదు. స్కూలు పిల్లల నోటుపుస్తకం ఒకటి ఉండేది. వారం అంతా అందులో రాసుకునేది, ప్రోగ్రాం మొదలయ్యే ముందు మూసి పక్కన పెట్టేసేది. నాకు కెమెరా పాఠం రెండు ముక్కల్లో చెప్పింది.

"నేను అసలు సంగతి చెప్పే ముందు ఊపిరి తీసుకుంటాను. అప్పుడు నా ఎడమ భుజం కొంచెం లేస్తుంది. అది చూసి మెల్లిగా దగ్గరికి రా. నీకు భాష రానక్కర్లేదు."

నిజంగానే అక్కర్లేకపోయింది. భుజం లేవగానే జూమ్ చేసేదాన్ని, ఆవిడ మొహం ఫ్రేమ్ నిండా అయ్యేసరికి ఆవిడ మాటల్లో గోల్ పడేది. మూడో వారానికి నాకు ఆ భుజం నా భుజంలాగే తెలిసిపోయింది.

పెద్ద మ్యాచ్‌ల వీడియో చూపించే హక్కు మాకెక్కడిది. అందుకని ఆవిడ వాటిని నోటితోనే చెప్పేది. మొదటి పావుగంట బ్రెజిల్ వార్తలు. రెండో పావుగంట మాత్రం మా ఊరి లీగు. శనివారాల్లో హైస్కూలు వెనక గ్రౌండ్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు, పెద్దవాళ్ళు పన్నెండు టీములుగా ఆడేవాళ్ళు. పెయింటర్లు, ఇళ్ళ కప్పులు వేసేవాళ్ళు, రెస్టారెంట్లలో గిన్నెలు కడిగేవాళ్ళు. వాళ్ళ ఆటని నేను ట్రైపాడ్ పెట్టి తీసేదాన్ని. సోమవారం ఆ ముక్కలు వేస్తూ ఆవిడ చెప్పేది. జాతీయ టీము గురించి ఏ గొంతుతో చెప్పిందో, గిన్నెలు కడిగే కుర్రాడు కొట్టిన కార్నర్ గురించీ అదే గొంతుతో చెప్పేది. ఒక్క మెట్టు తగ్గించేది కాదు. ప్రతి ఆటగాడికీ పేరు, ఊరు, ఎటు కాలితో కొడతాడో, పోయిన నెల ఏ మ్యాచ్‌లో ఏం చేశాడో, అన్నీ ఆవిడకి నోటికి వచ్చు. మంగళవారం పొద్దున బేకరీకి వెళితే ఎవడో ఒక పెయింటర్ కౌంటర్ దగ్గర కాఫీ చల్లారబెట్టుకుంటూ, తన గురించి టీవీలో చెప్పిన మాటలు పక్కవాడికి అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుండేవాడు.

ఒకసారి రికార్డింగ్ చూసి నన్ను పిలిచింది.

"నా చేతులు ఎందుకు కనబడవు?"

నేను నసిగాను. ఆవిడ చేతులు బ్లీచ్‌కి పగిలి, వేళ్ళ కణుపుల దగ్గర ఎర్రగా ఉండేవి. అవి పడకుండా ఫ్రేమ్ కొంచెం పైకి పెట్టేదాన్ని. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

"మెనీనా," అంది. వాళ్ళ భాషలో అమ్మాయీ అని. నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేది. "నన్ను చూసే ఆడవాళ్ళలో సగంమందికి ఇవే చేతులు. కిందికి దించు."

దించాను. ఆ తర్వాత ఎప్పుడూ పైకి ఎత్తలేదు.

శనివారాలు గ్రౌండ్‌కి నా కారులోనే వెళ్ళేవాళ్ళం, వెనక సీట్లో ట్రైపాడ్. ఆ ప్రయాణాల్లోనే ఆవిడ కథ నాకు తెలిసింది. అడగందే చెప్పేది కాదు, అడిగితే దాచేది కాదు.

వాళ్ళ నాన్న ఓడరేవులో బస్తాలు దించేవాడు. ఇంట్లో అయిదుగురు ఆడపిల్లలు. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో మ్యాచ్ మొదలయ్యేసరికి ఆయన అలిసిపోయి నిద్రపోయేవాడు. లేవగానే ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పాలి. పెద్దపిల్లలకి విసుగు. ఆ పని నాలుగో పిల్లకి పడింది, అంటే ఈవిడకి.

"స్కోరొక్కటీ చెబితే ఊరుకునేవాడు కాదు. బంతి ఎవరు ఎవరికి ఇచ్చారు, గోల్‌కీపర్ ఎటు దూకాడు, జనం ఎప్పుడు లేచి నిలబడ్డారు, అన్నీ కావాలి. ఒక్కటి మర్చిపోయినా, మళ్ళీ మొదట్నించి చెప్పు అనేవాడు. ఏడేళ్ళ వయసునుంచీ నాది ఇదే ఉద్యోగం."

పందొమ్మిదేళ్ళకి వాళ్ళ ఊరి రేడియోలో టైపిస్టుగా చేరింది. ఒక ఆదివారం స్కోర్లు చదివే పెద్దాయనకి గొంతు పోయింది. వేరే మనిషి దొరకలేదు. మేనేజరు ఈవిడ చేతిలో కాగితం పెట్టి లోపలికి తోశాడు. ఈవిడ కాగితం చదవలేదు. కళ్ళు మూసుకుని, నిద్రలేచిన నాన్నకి చెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది. బయటికి వచ్చేసరికి ఆఫీసులో ఫోన్లన్నీ మోగుతున్నాయి. అందరూ తిట్టేవాళ్ళే. ఆడపిల్లకి ఫుట్‌బాల్ ఏం తెలుసని.

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"వేసింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. మేనేజరు మాత్రం, ఇంతమంది చివరిదాకా విన్నారంటే మాటలా, వచ్చే ఆదివారం కూడా నువ్వే చదువు అన్నాడు."

అప్పుడు ఒక సంగతి చెప్పింది. ఆ రోజుల్లో వాళ్ళ దేశంలో ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడడం చట్టప్రకారం నిషేధమట. నేను నమ్మలేదు. ఫుట్‌బాల్ అంటేనే బ్రెజిల్ కదా అన్నాను. "అవును. మగవాళ్ళ బ్రెజిల్," అంది. బంతిని కాలితో తాకనివ్వని రోజుల్లో ఆ ఆట గురించి ఊరంతటికీ ఆవిడ చెప్పింది. నాకు వీసా కాగితం ఒకటి ఉద్యోగం వద్దంటే ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూశాను.

రేడియో నుంచి వాళ్ళ రాష్ట్ర రాజధానిలో టీవీకి వెళ్ళింది. పదహారేళ్ళు రోజూ సాయంత్రం ఆటల వార్తలు చదివింది. పెళ్ళి చేసుకుంది, భర్త జబ్బుచేసి పోయాడు, పిల్లల్లేరు. నలభై అయిదో ఏట కొత్తగా వచ్చిన డైరెక్టరు పిలిచి, "మీ గొంతు ఇంకా బావుంది, రేడియోకి వెళ్ళకూడదా," అన్నాడట. మొహం పాతబడిందని చెప్పే పద్ధతి అది. అమెరికాలో ఉన్న అక్క ఎప్పుడో పెట్టిన పిటిషన్ మీద అప్పుడే గ్రీన్‌కార్డు వచ్చింది. 2003లో వచ్చేసింది.

"ఇక్కడ మొదటిరోజు వేరేవాళ్ళ ఇల్లు తుడుస్తుంటే ఏడుపు రాలేదా?"

"వచ్చింది. ఆ ఇంట్లో పెద్ద టీవీ ఉంది. తుడుస్తూ బేస్‌బాల్ చూశాను. గంటసేపు చూసినా రూల్స్ అర్థం కాలేదు. దానికి వచ్చింది," అంది.

2007 శరదృతువులో ఒక సోమవారం స్టూడియోకి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే నీలం కోటు వేసుకుని బల్ల దగ్గర కూర్చుని ఉంది. నోటుపుస్తకం లేదు. మా లీగులో ఒక టీముకి తొమ్మిదో నంబరు చొక్కా వేసుకునే కుర్రాడు ఉండేవాడు. ఇరవై ఆరేళ్ళు. ఇళ్ళ కప్పులు వేసే పని. గ్రౌండ్‌లో బంతి దొరికితే ఆపడం ఎవరివల్లా అయ్యేది కాదు. ఆ పొద్దున వానకి తడిసిన కప్పు మీదనుంచి జారి పడి చనిపోయాడు. ఊళ్ళో అందరికీ ఇంకా తెలియదు. అతని టీమువాళ్ళు ఆవిడకి ఫోన్ చేసి, మీరే చెప్పండి అన్నారు.

"ఇవాళ దగ్గరికి రాకు. నా భుజం లేచినా సరే, దూరంగానే ఉండు," అంది నాతో.

అప్పటికి నాకు పోర్చుగీసు కొంచెం తెలుస్తోంది. అతను పోయాడని ఒక్క వాక్యంలో చెప్పింది. ఎలా పోయాడో ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ తర్వాత ఆ ఏడాది అతను కొట్టిన గోల్స్ చెప్పడం మొదలుపెట్టింది. పదకొండు. ఒక్కొక్కటీ ఎవరి మీద, ఎన్నో నిమిషంలో, ఎండా వానా, బంతి ఎవరిచ్చారు, ఏ కాలితో కొట్టాడు, కొట్టాక ఎటు పరుగెత్తాడు. కాగితం లేదు. గొంతు వణకలేదు, అలాగని చల్లబడనూ లేదు. ప్రతి గోల్‌కీ ఎప్పటిలాగే మెట్లెక్కి పైకి వెళ్ళింది. కంట్రోల్ రూంలో ఉన్న అమెరికన్ పెద్దాయనకి ఒక్క ముక్క తెలియదు, కానీ ఆయన హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు. నా చెయ్యి జూమ్ మీద ఉంది. పదకొండుసార్లు భుజం లేచింది. నేను కదల్లేదు.

చివరి గోల్ చెప్పి, "ఈ వారం స్కోర్లు ఇవీ," అని ముగించింది. ఇంకా మూడు నిమిషాల టైముంది. అలాగే కెమెరాలోకి చూస్తూ కూర్చుంది. మూడు నిమిషాలు లైవ్‌లో ఎవరూ మాట్లాడలేదు. ఆపమని ఎవరూ అనలేదు.

తర్వాత ఆ రికార్డింగ్ డీవీడీ చేసి బ్రెజిల్‌లో అతని తల్లికి పంపించారు. ఆ తల్లి ఉత్తరం రాసింది. కొడుకు ఇక్కడ ఏం పని చేస్తున్నాడో తెలుసు కానీ, ఇంత బాగా ఆడతాడని తనకి తెలియదని అందులో ఉందట.

2008 మాంద్యం తర్వాత పనులు తగ్గాయి. చాలామంది బ్రెజిల్‌కి తిరిగి వెళ్ళిపోయారు. పన్నెండు టీముల లీగు అయిదు టీములకి వచ్చింది. గోల్‌కీపర్ లేక పెయింటర్ల మేస్త్రీ ఒకాయన జీన్స్ ప్యాంటుతోనే నిలబడిన మ్యాచ్ కూడా తీశాను. ఆ రోజుల్లోనే అమెరికా అంతటా బ్రెజిల్ వాళ్ళు చూసే ఒక శాటిలైట్ చానల్‌కి స్పోర్ట్స్ యాంకర్ కావాలని తెలిసింది. ఆఫీసు ఫ్లోరిడాలో. అయిదు నిమిషాల టేపు పంపమన్నారు.

నేనప్పుడు ఏడో నెల కడుపుతో ఉన్నాను. కెమెరా దగ్గర ఎత్తు స్టూలు వేసుకుని కూర్చుని తీశాను. ప్రపంచంలో పెద్ద పెద్ద మ్యాచ్‌లు వదిలేసి, ఆవిడ ఆ జీన్స్ ప్యాంటు గోల్‌కీపర్ మ్యాచ్ ఎంచుకుంది. మొదలుపెట్టే ముందు కెమెరాలోకి చూసి, "నాకు యాభై రెండేళ్ళు. మీరు అడిగేలోపు నేనే చెబుతున్నాను. ఇక ఆట విషయానికి వద్దాం," అంది.

అది తీసేద్దామా అని అడిగాను, భయపడుతూనే.

"ఎందుకు? తీసేస్తే వయసు తగ్గుతుందా?"

నాలుగు వారాలకి ఉద్యోగంలో చేరమని ఫోన్ వచ్చింది. వెళ్ళే ముందు రోజు మా ఇంటికి వచ్చి, నా చేత ములక్కాడ సాంబారు పెట్టించుకుని తిని, ములక్కాడ ఎలా నమలాలో ఎలా ఉమ్మాలో తెలియక నానా అవస్థా పడింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నన్ను ఓదార్చలేదు. "సోమవారం ప్రోగ్రాం ఎవరు చేస్తారు?" అంది. నేను కదా కెమెరా అన్నాను. "కెమెరా సరే, బల్ల వెనక ఎవరు?" అంది. నాకు పాట్‌లక్ గురించి చెప్పిన అమ్మాయి అప్పటికి కాలేజీకి వచ్చింది. ఆ అమ్మాయి చేసింది. మొదట్లో చెమటలు కక్కుతూ చేసింది, తర్వాత బాగానే చేసింది.

చానల్‌లో ఆవిడకి మొదట పొద్దున ఆరింటి బులెటిన్ ఇచ్చారు, ఎవరూ చూడని టైము. ఏడాదిన్నరకి సాయంత్రానికి మార్చారు. నాకు బాబు పుట్టాడు. వాడికి నాలుగేళ్ళు వచ్చేసరికి, టీవీలో ఆవిడని చూసి "ఆంటీ షోల్డర్ లేచింది," అనేవాడు. అది నేనే నేర్పాను.

2014 వేసవిలో ప్రపంచ కప్ బ్రెజిల్‌లో జరిగింది. అప్పుడే బాబుకి థీమ్ పార్కు చూపించడానికి ఫ్లోరిడా వెళ్ళాం. సెమీఫైనల్ రోజు ఆవిడ మమ్మల్ని స్టూడియోకి రమ్మంది. బ్రెజిల్‌కీ జర్మనీకీ మ్యాచ్. మధ్యాహ్నం నాలుగింటికి మొదలు. మ్యాచ్ చూపించే హక్కు వాళ్ళ చానల్‌కీ లేదు. ముగ్గురు బల్ల వెనక కూర్చుని, ఎదురుగా టీవీలో మ్యాచ్ చూస్తూ జనానికి చెప్పే ప్రోగ్రాం. మధ్యలో ఆవిడ, చెరోపక్కా ఒకప్పుడు బ్రెజిల్‌లో ఆడిన ఇద్దరు మగవాళ్ళు. స్టూడియోలో అందరూ పసుపుపచ్చ చొక్కాలు వేసుకున్నారు. నేనూ, మా ఆయనా, బాబూ కెమెరాల వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాం.

ఆ మ్యాచ్ సంగతి ప్రపంచానికి తెలుసు. పదకొండో నిమిషంలో జర్మనీ ఒక గోల్ కొట్టింది. సరే అనుకున్నారు. ఇరవై మూడో నిమిషంలో ఇంకొకటి. ఆ తర్వాత ఆరు నిమిషాలు పూర్తయ్యేలోపు మొత్తం అయిదు గోల్స్ అయిపోయాయి. స్టూడియోలో ముందు అరుపులు వినిపించాయి, తర్వాత తిట్లు, తర్వాత ఏమీ లేదు. ఒక కెమెరా మనిషి కెమెరా వదిలేసి నేలమీద కూర్చున్నాడు. ఆవిడకి ఎడమపక్కనున్నాయన మైకు తీసి బల్లమీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. రెండో ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు, ఇక మాట్లాడలేదు.

ఆవిడ మాట్లాడింది. ఒక్కతే. బంతి ఎవరు ఎవరికి ఇచ్చారు, గోల్‌కీపర్ ఎటు దూకాడు. జర్మనీ వాళ్ళ పేర్లు ఒక్కటి కూడా విరగకుండా పలికింది. వాటిని సరిగ్గా పలకడానికి వారం ముందే పక్కింటి జర్మన్ ముసలావిడ దగ్గర కూర్చుని నేర్చుకుందట. వాళ్ళ గోల్స్‌ని తగ్గించి చెప్పలేదు, మావాళ్ళది దురదృష్టం అనలేదు. మూడో గోల్ ఎంత అందంగా వచ్చిందో చెప్పింది. తన దేశం తన కళ్ళముందు కూలిపోతుంటే, కూలగొట్టినవాళ్ళ ఆట ఎంత గొప్పదో అంత ఓపికగా చెప్పడం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆయన నా చెవిలో, "ఆవిడకి వాటర్ ఇవ్వమని ఎవరికైనా చెప్పు," అన్నాడు. ఎవరికి చెప్పాలి. అందరూ మొహాలు దాచుకుని ఉన్నారు. నేనే లేచి వంగి వెళ్ళి గ్లాసు అందించాను. చూపు టీవీ మీదనుంచి తిప్పకుండానే తీసుకుంది. చెయ్యి మంచులా ఉంది.

రెండో సగంలో ఇంకో రెండు పడ్డాయి. ఏడు, సున్నా. తొంభయ్యో నిమిషంలో ఎవరూ తెర వైపు చూడనప్పుడు బ్రెజిల్ ఒక గోల్ కొట్టింది. స్టూడియోలో ఒక్క తల కూడా లేవలేదు. దానివల్ల ఒరిగేదేముంది. కానీ ఆవిడ భుజం లేచింది. ఆ గోల్‌ని ఆవిడ ఎలా చెప్పిందంటే, ఊపిరి నిండా తీసుకుని, మెట్లన్నీ ఎక్కి, చివరి మెట్టు మీద నిలబడి, ఆ మాటని వాళ్ళ దేశంలో ఎలా సాగదీస్తారో అలా సాగదీసి, ఫైనల్లో గెలిపించిన గోల్ అయితే ఎంత ఇచ్చేదో అంతా ఇచ్చింది. వెటకారం లేదు, జాలి లేదు. గోల్ పడింది కాబట్టి చెప్పింది. నేలమీద కూర్చున్న కెమెరా మనిషి లేచాడు. కళ్ళు తుడుచుకుని కెమెరా పట్టుకుని మెల్లిగా ఆవిడ మొహం దగ్గరికి వెళ్ళాడు.

ప్రోగ్రాం అయ్యాక మేకప్ గదిలో చెప్పులు విడిచి, కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని కూర్చుంది. దారిలోకని చేసి తెచ్చుకున్న పులిహోర డబ్బా తీసి ఇచ్చాను. మొత్తం తినేసింది. మధ్యలో ఒకసారి, "నాన్న ఉంటే మూడో గోల్ మళ్ళీ చెప్పమనేవాడు," అంది. ఇంకాసేపటికి వేరుశనగ పలుకులు ఏరుకుంటూ ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. బాబు ఆవిడ ఒళ్ళోకి ఎక్కి నిద్రపోయాడు.

2015లో మాలాంటి డిపెండెంట్లలో కొంతమందికి ఉద్యోగం చేసుకునే పర్మిట్ ఇవ్వడం మొదలైంది. పదేళ్ళ తర్వాత నాకూ కార్డు వచ్చింది. దగ్గర్లో ఒక కాలేజీలో వాళ్ళ ఆటలు వీడియో తీసే పార్ట్‌టైం ఉద్యోగానికి అప్లై చేశాను. పని చేసిన అనుభవం ఎక్కడిది, ఎవరిని అడగాలి అన్నారు. ఆవిడ నంబరిచ్చాను. ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలియదు. నన్ను పనిలోకి తీసుకున్న ఆయన మాత్రం, "మీ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు, మధ్యలో ఆపడానికి నాకు మనసు రాలేదు," అన్నాడు.

నా మొదటి మ్యాచ్ ఆడపిల్లల వాలీబాల్. అయిదు సెట్లూ ఆడారు. ఇంటికి బయల్దేరబోతూ పార్కింగ్ లాట్‌లోనే ఆవిడకి ఫోన్ చేశాను. అప్పటికి ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు, సాయంత్రం ప్రోగ్రాం ఇంకా ఆవిడదే. లైటింగ్ ఎలా ఉందో, ట్రైపాడ్ ఎంత మంచిదో, ఫోకస్ ఒక్కసారి కూడా పోలేదని గబగబా చెప్పుకుపోయాను. అంతా విని అడిగింది.

"చివరి సెట్ స్కోరెంత?"

నాకు తెలియదు. కెమెరాలోంచి ఆటంతా చూశాను, బోర్డు చూడలేదు.

"లోపలికి వెళ్ళి కనుక్కో, మెనీనా. నేను లైన్‌లో ఉంటాను," అంది.

కారు తలుపు వేసి మళ్ళీ జిమ్‌లోకి నడిచాను. ఆడపిల్లలు నెట్ విప్పుతున్నారు. వాళ్ళనే అడిగాను.